నాలుగు వందల రెండులో నూట డెబ్బై ఎనిమిది పోతే

మాది తలుపుల మండలంలో ఒక పల్లె. కదిరి నుంచి పులివెందుల పోయే దారిలో బస్సు దిగి లోపలికి నడవాలి. ఊరి పేరు రాయను. పిల్లల పేర్లూ రాయను. వాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు, ఎవరి బతుకు వాళ్ళు చూసుకుంటున్నారు. వాళ్ళు ఫెయిలైన సంగతి పేర్లతో సహా నేను చాటడం బాగుండదు. నేను ఫెయిలైన సంగతి మాత్రం చెప్పొచ్చు.

నేను బీఎస్సీ లెక్కలు, ఆ తర్వాత బీఈడీ చదివాను. డీఎస్సీకి చదువుకుంటూ ఇంట్లో ఉన్నాను. 2018లో వచ్చిన నోటిఫికేషన్ తర్వాత అప్పటికి ఇంకోటి రాలేదు. "ఊరికే ఉండావు గదా పాపా, మా పిల్లకు నాలుగు లెక్కలు చెప్పు" అని మొదట అడిగింది మా వీధిలో ఒక అవ్వ. ఆమె మనవరాలు పదో తరగతి. ఆ అమ్మాయి తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయి అప్పటికి నాలుగేళ్ళు. తండ్రి లేడు.

అది 2021 సెప్టెంబరు. బడులు ఆగస్టు 16న తెరిచారు. ఆ ఏడాది పదిలో ఉన్న పిల్లల పరిస్థితి చెప్పాలి. వాళ్ళు ఎనిమిదిలో ఉండగా కరోనా వచ్చింది. పరీక్షలు లేకుండా తొమ్మిదికి వచ్చారు. తొమ్మిదిలో సగం ఏడాది బడి లేదు, ఏప్రిల్లో మళ్ళీ మూశారు. పరీక్షలు లేకుండానే పదికి వచ్చారు. వాళ్ళకు ముందున్న రెండు పదో తరగతి బ్యాచ్‌లూ పరీక్ష రాయకుండానే పాసయ్యాయి. మనకూ అంతేలే అని పిల్లలు అనుకున్నారు. పెద్దవాళ్ళు కూడా అనుకున్నారు. వాళ్ళ బడిలో లెక్కల సారు బదిలీ అయి వెళ్ళారు, ఆయన స్థానంలోకి చాలా నెలలు ఎవరూ రాలేదు.

పద్నాలుగు మంది వచ్చారు. ఎనిమిది మంది ఆడపిల్లలు, ఆరుగురు మగపిల్లలు. ఊళ్ళో మూతపడిన పాల కేంద్రం గది ఒకటి ఉంది. పక్కింటి ఆమె తన ఇంట్లోనుంచి వైరు లాగి ఒక బల్బు పెట్టించింది. కరెంటు బిల్లులో వాటా ఇస్తానంటే వద్దంది. ఆ బల్బు ఇప్పటికీ ఆమెదే.

మొదటి తప్పు నేను మొదటి రోజే చేశాను. పుస్తకం తీసి మొదటి పాఠం మొదలుపెట్టాను. వాస్తవ సంఖ్యలు. యూక్లిడ్ భాగహార శేషవిధి. బోర్డు మీద చక్కగా రాశాను. పిల్లలు చక్కగా దించుకున్నారు. "అర్థమైందా?" అన్నాను. "అయిందక్కా" అన్నారు. పద్నాలుగు గొంతులు ఒకేసారి అన్నాయి. ఆ మాటను నేను నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉండింది.

నవంబరు మూడో వారంలో వానలు దంచాయి. కదిరిలో ఒక భవనం కూలి మనుషులు పోయారు. పెరికిన సెనక్కాయ చెట్లు చేలల్లోనే కుళ్ళిపోయాయి. మా గది కారింది. మగపిల్లలు బట్రేపల్లి జలపాతం చూడను పోయారు. పది రోజులు ట్యూషన్ లేదు. ఆ పది రోజులు పోయాయని నేను తర్వాత వేగం పెంచాను. అది రెండో తప్పు.

జనవరిలో నాకు విషయం తెలిసింది. దీన్ని దాచకుండా చెప్పాలి, ఎందుకంటే ఇన్నాళ్ళూ నేను ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యగతం లెక్కలో మధ్యలో ఒక తీసివేత వచ్చింది. 402 లోంచి 178 పోవాలి. ఒక అబ్బాయి 376 అని రాశాడు. పక్కనున్న పిల్ల నోటుబుక్కు చూశాను. 376. ఇంకో ఇద్దరివి చూశాను. ఒకడు బోర్డు మీద నేను వేసే జవాబు కోసం ఖాళీ వదిలి కూర్చున్నాడు. ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు. నాలుగులో ఒకటి పోతే మూడు, ఏడులో సున్నా పోతే ఏడు, ఎనిమిదిలో రెండు పోతే ఆరు. మూడో తరగతి లెక్క. వాళ్ళు త్రికోణమితి దించుకుంటున్న పిల్లలు.

నేను ఏం చేశానంటే, బోర్డు మీద 224 అని వేసి ముందుకు పోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు వెనక్కి పోతే సిలబస్ అవదు. తీసివేతలు చెబుతున్నానని ఊళ్ళో తెలిస్తే, బీఈడీ చదివి ఇదా చెప్పేది అంటారు. పిల్లల తల్లిదండ్రులకు చెబితే వాళ్ళు భయపడతారు. ఇన్ని కారణాలు చెప్పుకున్నాను. అసలు కారణం వేరే. మూడో తరగతి తీసివేత రాని పిల్లవాడికి దాన్ని ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. నాకు అది చిన్నప్పుడు వచ్చేసింది. ఎట్లా వచ్చిందో గుర్తు లేదు.

మార్చిలో కదిరి తేరు. రెండు రోజులు ఎవరూ రాలేదు. ఏప్రిల్ 4న మా జిల్లా మారింది, అనంతపురం పోయి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. ఆ నెలంతా రాత్రిపూట కరెంటు కోతలు. ఫోన్ల వెలుతురులో ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించాను. ఏప్రిల్ 27న పరీక్షలు మొదలయ్యాయి. లెక్కల పరీక్ష అయ్యాక పిల్లలు బయటికొచ్చి "బాగా రాసినామక్కా" అన్నారు. ఈసారి నేను నమ్మలేదు. అయినా తల ఊపాను.

ఫలితాలు జూన్ 4, శనివారం అన్నారు. ఊళ్ళో సిగ్నల్ సరిగా ఉండదని మేం నలుగురైదుగురం మిద్దెలెక్కి ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. చివరి నిమిషంలో వాయిదా, సోమవారం ఇస్తామన్నారు. ఆ రెండు రోజులు నాకు చేతులు వణికాయి. ఆదివారం నేను అన్నం తినలేదు. అమ్మతో ఉపవాసమని చెప్పాను.

జూన్ 6, సోమవారం మధ్యాహ్నం ఫలితాలు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 67.26 శాతం పాస్. చాలా ఏళ్ళలో అంత తక్కువ రాలేదని టీవీలో చెబుతున్నారు. మా పద్నాలుగు మందిలో లెక్కలు పాసైంది ఆరుగురు. ఎనిమిది మంది పోయారు. నేను ఫోన్‌లో భాగహారం చేసి చూసుకున్నాను. నలభై మూడు శాతం కూడా లేదు.

రెండు గంటలకు ఫోన్ ఆపేశాను. గది తలుపు వేసుకున్నాను. తలనొప్పి అని చెప్పాను. ఐదు గంటలకు ఎవరో పిల్లలు వచ్చి "అక్కా ఉండాదా?" అని అడగడం, పడుకుందని అమ్మ చెప్పడం వినబడింది. లేవలేదు. ఆ సాయంత్రం నేను పాల కేంద్రం తీసి ఉండాల్సింది. పాసైనవాళ్ళూ ఫెయిలైనవాళ్ళూ అక్కడికే వస్తారని నాకు తెలుసు. వాళ్ళ ముఖాలు చూసే ధైర్యం లేక పోలేదు.

ఏడున్నరకు అవ్వ వచ్చింది. చెప్పులు లేవు. "పాప మీ ఇంటికి వచ్చిందా?" అంది. మనవరాలు మధ్యాహ్నం ఫలితం చూసుకుని ఇంట్లోంచి పోయింది, తిరిగి రాలేదు.

ఆ తర్వాతి రెండు గంటలు నేను వరసగా చెప్పలేను. కొన్ని ముక్కలే గుర్తున్నాయి. మా నాయన టార్చి తీసుకున్నాడు. ఆ అమ్మాయి మేనమామ బండి మీద బస్టాపు దాకా పోయాడు. ఇంకొకాయన చింతచెట్ల వైపు పోయాడు. ఎవరూ ఏ మాటా అనలేదు గానీ అందరూ మొదట బావుల దగ్గరికే పోయారు. మా చేని దగ్గర ఒక పాత బావి ఉంది. నాయన వంగి టార్చి వేసి చూస్తున్నాడు. నేను పది అడుగుల ఇవతల నిలబడ్డాను. దగ్గరికి పోలేకపోయాను. "లేదు" అన్నాడు. ఇంకో బావికి పోయాం. అక్కడా నేను దూరంగానే నిలబడ్డాను. మనసులో ఒకటే. ఈ పిల్లకు ఏమన్నా అయితే అందరికంటే ముందు నన్ను అడగాలి. ఇంత భయంలోనూ నా గురించే ఆలోచిస్తున్నానని అప్పుడే తెలిసింది. ఆ సిగ్గు వేరు.

తొమ్మిది దాటాక పాల కేంద్రం పక్కింటి ఆమె మనిషిని పంపింది. "ఆ గది గొళ్ళెం తీసుండాది, లోపల ఎవరో ఉండారు" అని.

చీకట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సాయంత్రం ఐదు నుంచి అక్కడే ఉందట. బల్బు వెయ్యలేదు. మా ఇంటికి వచ్చి అడిగిన పిల్లల్లో తనూ ఉంది. నేను పడుకున్నానని అమ్మ చెబితే, లేచాక వస్తాననుకుని అక్కడ కూర్చుంది. నాలుగు గంటలు నా కోసం ఎదురుచూసింది. మేం బావుల్లో వెతికాం.

దగ్గర కూర్చున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే అడిగింది.

"అక్కా, మేం ఫెయిలైనామని నీకు జీతం ఆపుతారా?"

నాకు జీతం ఎవరూ ఇవ్వరని, ఊరికే చెబుతున్నానని ఆ పిల్లకు అన్నాళ్ళూ తెలియదు. ఎట్లా తెలుస్తుంది, నేను అంత గంభీరంగా ఉండేదాన్ని. ఏడ్చాను. ఆ పిల్లే నన్ను ఇంటికి పిలుచుకుపోయింది.

ఆ రాత్రి అవ్వ ఇంట్లో పడుకున్నాను. తను బావి వైపు పోవాలనుకుందా అని అడగలేదు. అడగాల్సిందని తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. మెత్తగా, సూటిగా అడిగితే తప్పు లేదట, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదట. మానసిక సాయానికి ప్రభుత్వం టెలీ మానస్ నంబరు 14416 ఆ ఏడాది అక్టోబరులో మొదలుపెట్టింది. జూన్‌లో మా చేతిలో అలాంటిదేమీ లేదు. ఇప్పుడు ఫలితాలకు వారం ముందే ఆ నంబరు బోర్డు మీద రాస్తాను. ఫలితాల రోజు పొద్దున్నుంచి గది తెరిచే ఉంచుతాను. మీరు ఎక్కడైనా పిల్లలకు పాఠం చెబుతుంటే, ఆ ఒక్క రోజు ఇంట్లో ఉండకండి.

మరునాడు, జూన్ 7. ఎనిమిది ఇళ్ళకూ పోయాను. నాయన తోడు వస్తానన్నాడు, వద్దన్నాను. మూడో ఇంటికి పోయేసరికి తోడు తెచ్చుకుని ఉంటే బాగుండేదనిపించింది. చాలామంది "నీ తప్పేముంది పాపా" అన్నారు. ఆ మాట వింటుంటే తల దించుకోవాల్సి వచ్చింది. ఒకాయన మాత్రం వేరేగా అన్నాడు. "నువ్వు చెప్తాండావని కదిరిలో ట్యూషన్‌కు పంపలేదు. ముందే చెప్పింటే అప్పో సప్పో చేసి పంపిందుము." ఆయన అన్నది నిజం. జనవరిలోనే నాకు తెలుసు. జనవరిలో చెప్పి ఉంటే ఆయనకు మూడు నెలలు ఉండేవి. ఆ మాట ఆయనతో చెప్పాను. ఆయన కాసేపు నా వైపు చూసి లోపలికి పోయాడు. ఆయన కొడుకు ఆ వారమే బెంగళూరు బస్సు ఎక్కాడు, చిన్నాయన దగ్గర సెంట్రింగ్ పనికి. మళ్ళీ పరీక్షకు రాలేదు.

మిగిలింది ఏడుగురు. సప్లిమెంటరీ పరీక్షలు జులై 6 నుంచి. నెల రోజులు లేవు.

జూన్ 8న నా పాత సారుకు ఫోన్ చేశాను. నేను చిన్నప్పుడు మా వీధిలో సాయంత్రం బడి ఉండేది. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ పల్లెల్లో ఇలాంటి సాయంత్రం బడులు పెట్టించేది. ఊరివాడినే ఒకరిని టీచరుగా పెట్టేవాళ్ళు. మా సారు అట్లా వచ్చినవాడు. పెద్ద డిగ్రీలు లేవు. నాకు లెక్కలు వచ్చింది ఆయన దగ్గరే. బీఈడీ అయ్యాక నేను ఆయన్ని ఒక్కసారి కూడా కలవలేదు. ఆ ఫోన్ చేయడానికి నాకు అరగంట పట్టింది. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు. "వాళ్ళకేమి వచ్చో ఎప్పుడన్నా చూసినావా?"

జూన్ 9 సాయంత్రం బండి వేసుకుని వచ్చాడు. ఏడుగురికీ ఒక్కో తెల్ల కాగితం ఇచ్చాడు. నాలుగు లెక్కలు. 402లో 178 పోతే ఎంత. 816ను 4తో భాగించు. అరకు మూడోవంతు కలుపు. మైనస్ మూడు, మైనస్ ఐదు కలిపి ఎంత. పేరు రాయొద్దన్నాడు. పక్కవాళ్ళది చూడొద్దనలేదు, "రాకుంటే రాదని రాయండి, అది కూడా జవాబే" అన్నాడు.

తీసివేత నలుగురికి వచ్చింది. భాగహారం ఒక్కరికే వచ్చింది. మిగతావాళ్ళు 204కు బదులు 24 అని రాశారు, మధ్యలో సున్నా పెట్టలేదు. అర, మూడోవంతు కలపడం ఎవరికీ రాలేదు. ఐదుగురు రెండు బై ఐదు అని రాశారు, పైవి పైవి, కిందవి కిందవి కలిపేసి. మైనస్ లెక్కకు నలుగురు ప్లస్ ఎనిమిది అన్నారు. మైనస్ మైనస్ ప్లస్ అని నేనే కదా బట్టీ పట్టించింది. కలపడానికీ గుణించడానికీ తేడా చెప్పలేదు.

దేశంలో ఇలాంటి కాగితంతోనే ఊరూరా పిల్లల్ని చూసి అసర్ అనే నివేదిక వేస్తారు. ప్రథమ్ సంస్థ చేయిస్తుంది. 2022 నివేదికలో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు ఎనిమిదో తరగతిలో 44.7 శాతమే. అది నేను తర్వాత చదివాను. మా పిల్లలే కాదన్నమాట అని కొంచెం ఊరట కలిగింది. వెంటనే, ఊరట పడాల్సిన అంకెనా ఇది అనిపించింది.

మొదటి వారం పదో తరగతి పుస్తకం తెరవకూడదని సారు అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. ఉన్నవే నాలుగు వారాలు. ఒక వారం తీసివేతలకా? ఆయనతో వాదించాను. "ఎనిమిది నెలలు పుస్తకం తెరిచే ఉంచినావు గదమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. ఇంక మాట్లాడలేదు నేను.

ఇంకో చిక్కు. జూన్ అంటే మా దగ్గర విత్తనం కాయలు ఒలిచే కాలం. వాన పడేలోపు సెనక్కాయలు ఒలిచి గింజలు సిద్ధం చేసుకోవాలి. మిషన్లో వేస్తే గింజ పగులుతుందని విత్తనానికి చేత్తోనే ఒలుస్తారు. కొలతకింత అని కూలి. ఫెయిలైన పిల్లలు ఇంట్లో ఊరికే కూర్చోరు, ఒలవను పోతారు. సాయంత్రం దాకా ఒలిచి వేళ్ళు నొప్పులతో వస్తారు. రెండు రోజులు ముగ్గురే వచ్చారు. మూడో రోజు సారు, "వాళ్ళు రాకుంటే మనం పోదాం" అన్నాడు. కాయలు ఒలిచే పంచ దగ్గరికి పోయి మేమూ ఒలుస్తూ కూర్చున్నాం. మొదట ఆడవాళ్ళు నవ్వారు. నాకు ముఖం చెల్లలేదు. బీఈడీ మేడమ్ కాయలు ఒలుస్తోందని ఊరంతా తెలిసింది. సారు మాత్రం పట్టించుకోలేదు.

తీసివేత అక్కడే వచ్చింది. పది గింజలు ఒక అగ్గిపెట్టెలో. అలాంటి పది పెట్టెలు ఒక సంచిలో. 402 అంటే నాలుగు సంచులు, రెండు విడి గింజలు. విడి పెట్టెలు లేవు. "ఎనిమిది గింజలివ్వు" అన్నాడు సారు. జనవరిలో 376 రాసిన అబ్బాయే. రెండు గింజలు చూసుకున్నాడు. పెట్టెల వైపు చూశాడు. లేవు.

"పక్కింట్లో అప్పు తెమ్మని చెప్పింది గదా అక్క, చిన్నప్పుడు టీచరూ చెప్పింది. ఆ ఇంట్లో సున్నా ఉంది సార్. ఇచ్చేకి ఏముంటాది?"

అప్పుడు అర్థమైంది నాకు, వాడు ఎందుకు తిప్పి తీసేస్తున్నాడో. బద్ధకం కాదు, మొద్దుతనం కాదు. వాడి ప్రశ్న సరైన ప్రశ్న. ఏమీ లేని ఇంట్లో అప్పు పుట్టదని వాడికి బాగా తెలుసు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి కుదిరిన చోట తీసేసుకున్నాడు. సారు ఊరుకున్నాడు. చాలాసేపు ఊరుకున్నాడు. నేను చెప్పేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. పిల్లవాడు సంచి వైపు చూశాడు. "సంచి విప్పాల" అన్నాడు. విప్పి పది పెట్టెలు తీశాడు. అందులో ఒక పెట్టె పగలగొట్టాడు. తొమ్మిది పెట్టెలు మిగిలాయి. "సున్నా తొమ్మిదయ్యేది ఇందుకా!" అన్నాడు. కాయలు ఒలిచే ఒకామె "ఏమయిందిరా?" అంది. వాడు ఆమెకు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.

మైనస్ లెక్క అవ్వ చెప్పింది, తెలియకుండానే. అంగట్లో మూడు వందలు బాకీ, ఇంకో చోట ఐదు వందలు బాకీ, మొత్తం ఏమవుతుంది అని సారు అడిగితే, "ఏమవుతాది, ఎనిమిది నూర్లు అప్పు" అంది. "ఎనిమిది నూర్లు లాభం అంటాండారు అవ్వా వీళ్ళు" అన్నాడు. ఆ నవ్వులో నేనూ నవ్వాను. జూన్ 6 తర్వాత అదే మొదటిసారి. భిన్నాలకు గడియారం వాడాం. అరగంటకు గంటలో మూడోవంతు కలిపితే యాభై నిమిషాలు. రెండు బై ఐదు అంటే ఇరవై నాలుగు నిమిషాలు. ఉన్న అరగంట కూడా ఏమైపోయింది మరి?

రెండో వారం మధ్యలో పదును వాన పడింది. ఇంక ఎవరూ లేరు. ఊరు ఊరంతా చేలల్లో, విత్తనం వేస్తోంది. మూడు రోజులు ఒక్కరే వచ్చారు, అవ్వ మనవరాలు. వాళ్ళకు చేను లేదు. ఆ మూడు రోజులు భయమేసింది. ఎదురుగా ఖాళీ చాపలు, ఇంకా సగం కూడా కాలేదు. మూడో రోజు రాత్రి సారుకు ఫోన్ చేసి మానేస్తానన్నాను. "ఒకరొచ్చినారు గదా" అన్నాడు. అంతే. నాకు అది చాలలేదు. అయినా మరునాడు పోయాను.

మూడో వారం నుంచి పుస్తకం. పద్నాలుగు పాఠాలూ అవవు. ముప్పై ఐదు మార్కులు కావాలి. ఏవి వదిలేయాలో కూర్చుని రాసుకున్నాం. సమితులు, శ్రేఢులు, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, రేఖీయ సమీకరణాల గ్రాఫు, త్రిభుజ నిర్మాణం. త్రికోణమితిలో పట్టిక మాత్రం. స్పర్శరేఖలు పూర్తిగా వదిలేశాం. లెక్కలు చదివినదాన్ని, ఒక పాఠం వదిలేయమని నా నోటితో చెప్పడం కష్టమైంది. అందరికీ ఇట్లా చేయమని చెప్పను. ముందే మొదలుపెట్టి ఉంటే అవసరం లేదు. నేను ముందే మొదలుపెట్టలేదు.

ఈ రోజుల్లోనే అవ్వ మనవరాలికి సంబంధం చూస్తున్నారని విన్నాను. పదహారు నిండలేదు. అవ్వతో మాట్లాడటానికి పోయాను, నోరు రాలేదు. పరీక్ష పోయిన పిల్లకు నేనేం భరోసా ఇవ్వగలను? ఆ అమ్మాయే వాళ్ళమ్మకు వాట్సాప్‌లో పెట్టింది. ఆమె పని అయ్యేసరికి మనకు అర్ధరాత్రి దాటుతుంది. ఒంటిగంటకు ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టించి, అవ్వతో చెప్పింది. "నేను ఈడ గిన్నెలు తోమేది దానికి పెండ్లి చేసేకి కాదు. అది రాయనీ. పోతే మళ్ళీ రాస్తాది." తర్వాత నన్ను అడిగింది. "అమ్మా, దాన్ని ఒంటరిగా వదలొద్దు." సంబంధం మాట ఆ రాత్రితో ఆగింది. దాన్ని ఆపింది నేను కాదు. ఆమెను నేను ఇప్పటికీ చూడలేదు.

లెక్కల పరీక్ష రోజు ఆటో అతను ఏడుగురినీ ఎక్కించుకుని పోయి, మూడు గంటలకు పైగా చెట్టు కింద ఉండి, తిరిగి తెచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. డీజిల్‌కు కూడా. నేను కేంద్రం బయట నిలబడలేక రోడ్డు దాటి టీ అంగడి దగ్గర కూర్చున్నాను. వాంతి వచ్చేలా ఉంది. బయటికొచ్చి ఎవరూ "బాగా రాసినాం" అనలేదు. ఒకరు "ఓజివ్ వచ్చింది, గీసినా" అన్నారు. ఒకరు "ఎనిమిది మార్కులది ఒకటి వదిలేసినా" అన్నారు. 376 అబ్బాయి, "సున్నా దగ్గర రెండుసార్లు సంచి విప్పినా" అన్నాడు. వాళ్ళు ఏం రాశారో ఏం వదిలారో వాళ్ళకు తెలుసు. ఏప్రిల్లో తెలియదు.

ఆగస్టులో ఫలితాలు వచ్చాయి. పొద్దున ఆరుకే పాల కేంద్రం తీసి కూర్చున్నాను. ఐదుగురు పాసయ్యారు. అమ్మాయికి ముప్పై ఏడు. ఇద్దరు పోయారు. అందులో ఒకడు 376 అబ్బాయి, ముప్పై ఒకటి. వాడు పక్కన కూర్చుని "నాలుగు మార్కులే గదక్కా" అన్నాడు, నన్ను ఓదార్చడానికి. వాడు ఆ తర్వాతి ఏడాది రాసి పాసయ్యాడు. బెంగళూరు పోయినవాడు ఇంకా రాయలేదు. వాళ్ళ నాయన ఎదురుపడితే ఇప్పుడు పలకరిస్తాడు. నేనే తల ఎత్తి మాట్లాడలేను.

ఆ ఏడాది నుంచి మొదటి రోజు పుస్తకం తెరవడం లేదు. తెల్ల కాగితం, నాలుగు లెక్కలు. ఎనిమిదో తరగతి పిల్లల్ని కూడా పిలుస్తాను. కాగితంలో ఏమి వచ్చిందో ఆ వారమే ఇంటికి పోయి చెబుతాను, మంచైనా చెడైనా. కొందరికి కోపం వస్తుంది. ఒక తల్లి పిల్లను మాన్పించింది కూడా. సారు పోయినేడాది దాకా ఆదివారాలు వచ్చేవాడు, ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. పెట్రోలు డబ్బులు ఒక్కసారీ తీసుకోలేదు.

చివరికి 2025లో మెగా డీఎస్సీ వచ్చింది. 16,347 పోస్టులు. పరీక్షలు జూన్ 6న మొదలయ్యాయి. ఆ తేదీ చూడగానే ఒంట్లో ఏదో అయింది. రాశాను. ఆగస్టులో మార్కులు వచ్చాయి. నాకు రాదని అర్థమైంది. మధ్యాహ్నం గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. ఫోన్ ఆపేయబోతుంటే మోగింది. ఆ అమ్మాయి. కదిరిలో డిగ్రీ చదువుతోంది.

"అక్కా, మార్కులు చూసుకున్యావా?"

"చూసినా."

"ఫోన్ ఆపొద్దు. బస్సెక్కినా, వస్తాండా. పాల కేంద్రం తీసిపెట్టు."